రెండో సూది

నల్ల బెంచీకి కుట్టు విడిపోయి గురువారానికి పదకొండు రోజులైంది. అంత పెద్ద జిమ్ములో ఆ లెక్క తెలిసింది మాస్టారొక్కరికే.

మొదట రెండు కుట్లు తెగాయి. వాటిని చూసి పక్కవి కూడా ధైర్యం చేశాయి. ఇప్పుడు బెత్తెడు మేర రెగ్జీను నోరు తెరుచుకుని, లోపలి స్పాంజి పచ్చగా బయటికి కనబడుతోంది. రోజుకి యాభై మంది దాని మీద కూర్చుని లేస్తున్నారు. ఒక్కరూ కిందికి చూడరు. అందరి కళ్ళూ ఎదుటి అద్దంలో ఉన్న తమ మీదే. తుడిచే ఆవిడ ఒకరోజు దాని మీద వెడల్పాటి టేపు అంటించింది. అది చెమటకి నాని మర్నాటికే ఊడిపోయి, ఎవరి పంట్లాముకో అతుక్కుని వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

నలభై ఏళ్ళు బట్టలు కుట్టి బతికిన మనిషి విడిపోయిన కుట్టు పక్కన కూర్చోవడమంటే కంట్లో నలుసు పెట్టుకుని కూర్చోవడమే. మాస్టారు భుజాల మిషను దగ్గర కూర్చుని, అందులో అన్నిటికంటే చిన్న బరువు పైకీ కిందికీ లాగుతూ, పదకొండు రోజులూ దానివంకే చూశారు.

ఈ జిమ్ములో చేరే ముందు ఇంట్లో పెద్ద వాదనే అయింది. పక్షవాతం వచ్చి తగ్గాక, కుడిచేతికి బలం రావాలంటే కసరత్తు తప్పదన్నాడు డాక్టరు.

"అన్ని రకాల మిషన్లూ ఉంటాయి, ఏసీ ఉంటుంది, పొద్దున్న అయిదు నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు, ఇంటికి నాలుగడుగులు," అని కూతురు వేళ్ళు మడిచి చెప్పింది.

"మిషన్లుంటాయమ్మా. వాటి ముందు క్యూ కూడా ఉంటుంది. ఆ పాటల హోరుకి చెవులు చిల్లులు పడతాయి. అన్ని వందల మందిలో మీ నాన్న ఏ మూల పడిపోయాడో చూసే నాథుడుండడు," అన్నాడు తమ్ముడు.

"పడిపోతారని ఎందుకనుకోవాలి బాబాయ్?"

ఇద్దరూ చెప్పింది నిజమే. కాకపోతే నాలుగు నెలలు గడిచేసరికి మాస్టారికి తెలిసొచ్చిందేమిటంటే, తమ్ముడు లోపమని చెప్పిందే తనకి అన్నిటికంటే నచ్చింది. మొదటిరోజు ట్రైనరు కుర్రాడు వచ్చి, "ఏం కావాలన్నా నన్ను పిలవండి అంకుల్," అని వారానికల్లా ఉద్యోగం మానేశాడు. తర్వాత వచ్చినవాడూ ఆ ముక్కే చెప్పి, ఆ పనే చేశాడు. ఇక ఎవరూ ఆయన జోలికి రాలేదు. ఇంట్లోనూ వీధిలోనూ షాపులోనూ కనబడ్డ ప్రతివాళ్ళూ ముందు ఆ చేతి వంక చూసి, తర్వాత మొహం వంక చూస్తారు. "స్పర్శ వచ్చిందా?" అంటారు. జిమ్ములో ఆ ప్రశ్న అడిగే దిక్కు లేదు.

ఆ ప్రశ్నకి మాస్టారు ఎప్పుడో జవాబు తయారుచేసి పెట్టుకున్నారు. "వచ్చింది. వస్తోంది." నిజానికి చెయ్యి లేస్తుంది, మడుస్తుంది, పట్టుకుంటుంది. పట్టుకున్నది ఇనుమో దూదో మాత్రం కళ్ళతో చూసుకుంటే తప్ప తెలియదు. ముంజేయి సగం నుంచి వేళ్ళ చివరిదాకా ఎవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టుంటుంది. ఈ సంగతి చెబితే అన్నదమ్ముల కుట్టు షాపులో కటింగ్ బల్ల పోయినట్టే. తమ్ముడు మంచివాడే, కానీ బట్ట దగ్గర అన్నా లేడు, దేవుడూ లేడు. "స్పర్శ రానీ అన్నయ్యా, బల్ల నీదే," అని ఆర్నెల్లుగా ఆ బల్ల మీద ఇంకో మనిషి చెయ్యి పడకుండా చూస్తున్నాడు. ఆ బల్ల తప్ప మాస్టారికి ఈ లోకంలో కూర్చోవడానికి ఇంకో చోటు తెలియదు.

అందుకని ఆ గురువారం ఆయన తనకి తానే పరీక్ష పెట్టుకున్నారు. కుట్టు కనబడకుండా రెగ్జీను కుట్టగలిగితే బట్ట ఒక లెక్కా? కూతురిది మధ్యాహ్నం షిఫ్టు ఉద్యోగం. పొద్దున్నే రెండు వంకర సూదులు ఆమెకిచ్చి నల్లదారం ఎక్కించమన్నారు. "కళ్ళు ఆనడం లేదమ్మా," అన్నారు. ఆమె ఎక్కించి, ఒక గుడ్డముక్కకి గుచ్చి ఇచ్చింది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తర్వాత మాస్టారికి అనిపించింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి జిమ్ములో జనం పలచబడతారు. మాస్టారు బెంచీ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎడమచేత్తో రెండంచులూ దగ్గరికి నొక్కి, కుడిచేత్తో సూది దింపారు. వేళ్ళు చెప్పాల్సిన సంగతులన్నీ కళ్ళే చెప్పాలి. సూది ఎక్కడుందో చూడాలి, వేళ్ళ మధ్య ఉందో జారిందో చూడాలి, దారం బిగిసిందో లేదో రెగ్జీను ముడత చూసి పట్టుకోవాలి. పది నిమిషాల్లో అయ్యే పనికి ముప్పావు గంట పట్టింది. కణతల మీదుగా చెమట కారింది. చివర రెండు వేళ్ళ మేర ఉందనగా మొదటి సూదిలో దారం అయిపోయింది. చేతిలో ఉంచుకుంటే ఎక్కడ జారిపోతుందోనని దాన్ని సీటు కింది అంచుకి గుచ్చి, రెండో సూది అందుకుని మిగతాది పూర్తిచేశారు.

"అమ్మో, అసలు కుట్టినట్టే లేదే!" అంది వెనకనుంచి తుడిచే ఆవిడ. చేతిలో తడిగుడ్డ, రెండో చేతిలో మిషన్లు తుడిచే మందు సీసా. ఆ జిమ్ములో ఆయన్ని అంకుల్ అనకుండా మాస్టారూ అని పిలిచే మనిషి ఆవిడొక్కతే. వేసుకున్న చొక్కాకి చంక కింద అరంగుళం తగ్గిందని ఆయన ఓసారి చెబితే, అప్పటినుంచి ఈయన పనివాడని కనిపెట్టేసింది. "ఈ చేత్తోనేనా మాస్టారూ?"

"ఈ చేత్తోనే."

"ఇంకేం మరి. వచ్చేసినట్టే."

ఆ మాటకి మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. గుడ్డముక్క మడిచి జేబులో పెట్టుకుని, పాతికేళ్ళ కుర్రాడిలా లేచి నిలబడ్డారు. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేశారు. "సోమవారం వస్తున్నాన్రా."

"నిజంగానా?"

"నీతో అబద్ధం ఆడతానా?"

శుక్రవారం పొద్దున్న ఏడున్నరకి జిమ్ములో ఇసకేస్తే రాలనంత జనం. మాస్టారు తన మిషను దగ్గరే ఉన్నారు. రోజూ మూడు గంటలు అద్దంతో కాపురం చేసే కండలబాబు ఒకడున్నాడు. అతను వచ్చి నల్ల బెంచీని తనవైపు లాక్కుందామని సీటు కింద చెయ్యి వేసి, గట్టిగా అరిచాడు. పాటల హోరులో కూడా అందరికీ వినబడింది. అరచేతిలో వంకర సూది సగం దాకా దిగి ఉంది.

దాన్ని పీకేలోపే పదిమంది చేరారు. "సూది! ఇంజెక్షన్ సూదేమో చూడండి!" అన్నారొకరు. "ఎవరికి ఏ రోగముందో!" అన్నారింకొకరు. నలుగురు ఫోన్లు తీసి ఫోటోలు కొట్టారు. కండలబాబు మొహం సున్నం కొట్టినట్టయింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, కంపెనీ పేరున్న బిగుతు చొక్కా, చెవిలో ఫోను తాలూకు ముక్క. సూది చూశాడు, కుట్టు చూశాడు, తుడిచే ఆవిణ్ణి పిలిపించాడు. పది రోజుల కిందట దీనికి టేపు వేసింది ఆవిడే కదా. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"ఎవరు కుట్టమన్నారు నిన్ను?"

"నేను కుట్టలేదు సార్."

"మరి ఎవరు కుట్టారు? రాత్రికి రాత్రి అదే కుట్టుకుందా?"

ఆవిడ తలెత్తి మాస్టారి వంక చూసింది. ఒక్కసారే. పట్టుమని రెండు క్షణాలు కూడా లేదు. తర్వాత తల దించుకుంది. "నాకు తెలీదు సార్," అంది.

ఆవిడ సంచి తెప్పించి కౌంటరు మీద కుమ్మరించారు. అన్నం డబ్బా, దువ్వెన, తలనొప్పి మాత్రలు, ఒక చిన్న పర్సు. ఆ పర్సు లోపల తెల్లదారం చుట్టిన సూది ఒకటి. ఏ ఆడమనిషి సంచిలో చూసినా ఉండేదే. "చూశారా!" అన్నాడు మేనేజరు చుట్టూ ఉన్నవాళ్ళతో. తెల్లదారానికీ నల్లదారానికీ తేడా చెప్పగలిగిన మనిషి అక్కడ ఒక్కరే ఉన్నారు.

ఆ ఒక్కరి చెయ్యీ మిషను పిడి మీదే ఉంది. పైకి, కిందికి. పది లెక్కయ్యాక లేచి చెబుదామనుకున్నారు. పదయింది. ఇంకో పది అయ్యాక చెబుదామనుకున్నారు. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, అలా కూర్చున్నారు. భయమూ లేదు, బాధా లేదు. లోపల ఏదీ కదల్లేదు. చేతిలోని మొద్దుతనం భుజం మీదుగా పాకి గుండెకాయ దాకా వచ్చేసిందేమో అనిపించింది. ఆయన మూడో పది లెక్కపెడుతుండగా ఆవిడ సంచిలో సామాన్లు సర్దుకుని, అద్దాల తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి గుడ్డముక్క విప్పారు. సూది ఒకటే ఉంది. ఉంటుందని తెలిసే విప్పారు.

వాళ్ళ పనిలో అన్నిటికంటే మొదటి పాఠం అది. కత్తెర పట్టడం తర్వాత, టేపు చదవడం తర్వాత. ఎన్ని సూదులు తీశావో అన్నీ గుడ్డకి గుచ్చాకే లేవాలి. లేవకముందు చేత్తో తడిమి చూసుకోవాలి. చిన్నప్పుడు తమ్ముడు ఒకసారి చూసుకోకుండా లేస్తే నెత్తిన మొట్టి నేర్పింది ఆయనే. సూది వదిలేసిన దర్జీ అంటే ఇక చెప్పుకోవడానికేమీ మిగలదు. గురువారం ఆయన గుడ్డని తడిమారు కూడా. అలవాటు కొద్దీ కుడిచేత్తోనే తడిమారు. ఆ వేళ్ళకి ఒకటుందో రెండున్నాయో ఏం తెలుస్తుంది?

శనివారం తమ్ముడు వచ్చి ఒకటే హుషారు. కత్తెర సాన పట్టించాడట. బల్ల మీద కొత్త గుడ్డ పరిపించాడట. "సోమవారం పదింటికి జిమ్ము దగ్గరికే బండి వేసుకొస్తాను. అటునుంచి అటే," అన్నాడు. మాస్టారు తలూపారు. కూతురు ఉప్మా పెట్టింది. బాగుందో బాగాలేదో తెలియలేదు. తిన్నారు.

ఆదివారం జిమ్ముకి వెళితే నేల తుడుస్తూ వేరే మనిషి కనబడింది. "ఇదివరకటి ఆవిడ రావట్లేదా అమ్మా?" అని అడిగారు. "ఏమోనండీ, నిన్న రమ్మన్నారు, వచ్చాను," అంది ఆమె బకెట్టు జరుపుకుంటూ. నల్ల బెంచీని చూశారు. లోపల ఇంకా సూదులున్నాయేమోనని ఎవరో బ్లేడు పెట్టి ఆయన కుట్టు మొత్తం కోసేశారు. పైన టేపు వేశారు. దాని మీద ఒకమ్మాయి కూర్చుని ఫోను చూసుకుంటోంది. చెరువులో రాయి పడితే కాసేపు అలలైనా ఉంటాయి, ఇక్కడ అవి కూడా లేవు. ఆవిడ ఎక్కడుంటుందో, ఇంట్లో ఎవరెవరున్నారో, ఇప్పుడు ఏం చేస్తోందో ఒక్కళ్ళకీ తెలియదు. తనకీ తెలియదు. నాలుగు నెలలు రోజూ పలకరించుకుని కూడా ఆవిణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదని మాస్టారికి అప్పుడు తట్టింది. మొదటిసారి సిగ్గేసింది.

సోమవారం తమ్ముడు పదింటికి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో టేపు. మాస్టారు సంచి తీసుకుని బయటికి నడుస్తుంటే కౌంటరు దగ్గర తుడిచే ఆవిడ నిలబడి ఉంది. మడతపెట్టిన రెండు చొక్కాలు, ఒక కార్డు, లాకరు తాళంచెవి కౌంటరు మీద పెట్టి, మేనేజరు ఇచ్చిన కాగితం మీద సంతకం చేస్తోంది. ఆయన్ని చూసింది. పలకరించలేదు. మొహం తిప్పుకోనూ లేదు. గోడని చూసినట్టు చూసింది.

తమ్ముడు, "పద అన్నయ్యా," అన్నాడు.

మాస్టారు రెండడుగులు వేశారు. మూడోది పడలేదు.

"మేనేజరు గారూ, ఆ బెంచీ కుట్టింది నేను," అన్నారు.

మేనేజరు చెవిలోని ముక్క తీశాడు. "ఏంటి అంకుల్?"

"ఆవిడ కాదు, నేను. గురువారం మధ్యాహ్నం. సూది మర్చిపోయింది కూడా నేనే."

మేనేజరు ఆయన చేతి వంక చూసి నవ్వాడు. పాపం, చెడ్డ నవ్వు కాదు. "మీరు దర్జీ కదా, ఫారంలో రాశారు. నలభై ఏళ్ళు కుట్టిన మనిషి సూది మర్చిపోతారా? ఆవిడ మీద జాలితో చెబుతున్నారు. అంకుల్, మాకు పైనుంచి ఒత్తిడి ఉంది. ఆల్రెడీ రిపోర్టు వెళ్ళిపోయింది."

"మా అన్నయ్య సూది మర్చిపోడండీ," అన్నాడు తమ్ముడు, తన పరువేదో పోతున్నట్టు. "అన్నయ్యా, మనకెందుకు?"

మాస్టారు లోపలికి నడిచి బెంచీ ముందు కూర్చున్నారు. టేపు పీకేశారు. సంచిలోంచి గుడ్డ తీశారు. షాపుకి పోతున్నాను కదా అని పొద్దున్న పెట్టుకున్నదే. మిగిలిన సూదిలో ఇంకా మూరెడు దారం ఉంది. కుట్టడం మొదలుపెట్టారు. మేనేజరు వచ్చాడు, తమ్ముడు వచ్చాడు, చుట్టూ అయిదారుగురు చేరారు. ఆవిడ కూడా వచ్చి కాస్త ఎడంగా నిలబడింది. ఒక్కో పోటుకీ రెగ్జీను అంచులు కలుసుకుంటూ దారం మాయమవుతూ వచ్చింది. కండలబాబు కట్టు కట్టిన చేత్తో వంగి చూసి, "అచ్చం ఇలాగే ఉండేది," అన్నాడు.

"సరే, కుట్టారు. బ్రహ్మాండంగా కుడుతున్నారు," అన్నాడు మేనేజరు. "ఇంత బాగా కుట్టేవాళ్ళు సూది ఎలా వదిలేస్తారు? అదే నేను అడిగేది."

అతనికి జవాబివ్వడానికి మాస్టారు తలెత్తారు. కళ్ళు పని మీద నుంచి పక్కకి వెళ్ళాయి. చెయ్యి మాత్రం ఆగలేదు.

"మాస్టారూ, వేలు!" అంది తుడిచే ఆవిడ.

అందరూ చూశారు. మాస్టారు అందరికంటే ఆఖరున చూశారు. సూది చూపుడువేలి కండలోంచి అడ్డంగా దూసుకుపోయి అవతల మొన తేలింది. రక్తం చుక్కలు చుక్కలుగా నల్ల రెగ్జీను మీద పడుతోంది. ఆ వేలితోనే ఆయన ఇంకా దారం లాగుతున్నారు.

ఒక్క "అబ్బా" అంటే చాలు. అందరూ నమ్ముతారు. తమ్ముడు గబగబా రుమాలు తీసి కట్టు కడతాడు, "చూసుకోవద్దా అన్నయ్యా," అంటాడు, బండి తీస్తాడు. పదిన్నరకల్లా కొత్త గుడ్డ పరిచిన బల్ల ముందుంటారు. మేనేజరు చెప్పిందీ నిజమవుతుంది, నలభై ఏళ్ళ దర్జీ సూది మర్చిపోడు. మాస్టారి నోటి దాకా వచ్చింది ఆ "అబ్బా".

"నొప్పి లేదా మాస్టారూ?" అంది ఆవిడ.

"లేదు," అన్నారు ఆయన. అని, తమ్ముడి వైపు తిరిగారు. "లేదురా. స్పర్శ ఒక్కరోజు కూడా రాలేదు. వేలు తెగినా తెలీదు, సూది జారినా తెలీదు. నీతో అబద్ధం ఆడాను."

తమ్ముడు మెడలోని టేపు తీసి, చుట్ట చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. సూది మొన పట్టి ఒక్క లాగు లాగింది. మేనేజరు ఇచ్చిన దూదితో వేలు అదిమి పట్టి, రెండో చేత్తో సూదిని గుడ్డకి గుచ్చింది. "ఇదొక్కటేనా, ఇంకా ఎక్కడైనా పెట్టారా?" అంది.

"ఒక్కటే."

"మూడు రోజులు, మాస్టారూ. నేను మీ పేరు చెబితే నమ్మరు. నెలనెలా కట్టేవాళ్ళ మాటా, తుడిచేవాళ్ళ మాటా ఒకటి కాదు. మీరు చెబితే శుక్రవారమే అయిపోయేది."

"అవునమ్మా," అన్నారు మాస్టారు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరే, ఆ చొక్కాలు తీసుకో. నేను పైవాళ్ళకి చెబుతాను. ఇప్పుడే డ్యూటీ ఎక్కు."

"నా సంచి అందరి ముందు కుమ్మరించారు కదా సార్. ఈ మాట కూడా అందరి ముందు చెబుతారా?"

మేనేజరు ఫోను మోగినట్టుంది, చూసుకుంటూ పక్కకి వెళ్ళాడు. ఆవిడ ఒక నిమిషం చూసింది. తర్వాత కౌంటరు మీది చొక్కా ఒకటి తీసుకుని, మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. వెళ్ళేముందు వెనక్కి తిరిగి, "ఆ వేలు మీద ఓ కన్నేసి ఉంచండి. చీము పట్టినా మీకు తెలీదు," అంది.

మాస్టారు బండి వెనక కూర్చున్నారు. తమ్ముడు నెమ్మదిగా నడిపాడు. వీధి చివర సిగ్నల్ దగ్గర షాపుకి కుడివైపు తిరగాలి. బండి ఎడమకి తిరిగింది.

"షాపు అటు కదరా?"

"తెలుసన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

మాస్టారు ఇప్పుడైనా బాధ వేస్తుందేమోనని చూసుకున్నారు. మొదటి మలుపులో రాలేదు, రెండో మలుపులోనూ రాలేదు. ఇంటి ముందు దిగి, ఎడమచేత్తో గేటు తీసుకుని గుమ్మం ఎక్కారు. ఆఫీసుకి తయారవుతున్న కూతురు తలుపు తీసి, "అదేంటి నాన్నా, అప్పుడే వచ్చేశారు? షాపుకి వెళ్ళలేదా?" అంది.

అప్పుడు వచ్చింది. మాస్టారు గడప మీదే కూలబడి, ఇంటి ముందు వచ్చేపోయే వాళ్ళు చూస్తుండగా బావురుమన్నారు.